ఒకటిన్నర అంగుళం కిందికి

ఖాళీగా నిలబడిన మారుతి 800 అడుగుభాగానికీ నేలకూ మధ్య ఉండే జాగా 170 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతలతో కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు. పాత కారును నేలకు దించి నడపాలని ముచ్చటపడేవాళ్ళ కథంతా ఈ రెండు అంకెల మధ్యే నడుస్తుంది. సత్తెనపల్లికీ నరసరావుపేటకూ నడుమ ఉన్న ముప్పాళ్ళ లాంటి మండల కేంద్రంలో అయితే ఆ కథలోకి ఇంకా చాలా వచ్చి చేరతాయి. సాగర్ కుడి కాలువ నీళ్ళు పారే మేజర్ కాలువల మీద ఎత్తుగా లేచే కల్వర్టులు, వాన పడితే తారు అంచును కోసుకుపోయే నల్లరేగడి, మిర్చి టిక్కీలతో రోడ్డు నిండా నడిచే ట్రాలీలు, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇంటి ముందు పోయించుకున్న సిమెంటు దిమ్మెలు. ఈ దారిలో బండిని దించడం సాధ్యమేనా? సాధ్యమే. కాకపోతే ఎంత దించాలో చెప్పాల్సింది ఫోన్లో చూసిన వీడియో కాదు, ఆ దారే.

దించాలనుకునే వాళ్ళ చేతికి ముందుగా దొరికేది మారుతి 800. 1983 డిసెంబర్ 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ చేతికి మొదటి బండి తాళాలు ఇచ్చారు. డీఐఏ 6479 నంబరుతో ఉన్న ఆ కారును ఆయన 2010లో కన్నుమూసేదాకా అట్టే పెట్టుకున్నారు. 1986లో 800 రూపం మారింది. మనం ఇప్పటికీ రోడ్డు మీద చూసే ఆకారం అదే. అదే ఒంటితో జపాన్‌లో తిరిగిన సుజుకి ఆల్టోకు 1987లో టర్బో ఇంజన్ పెట్టి ఆల్టో వర్క్స్ అని అమ్మారు. అక్కడి కుర్రకారు దాన్ని దించి, వెడల్పు టైర్లు తొడిగి కొండదారుల్లో ఉరికించారు. మన ఊళ్ళలో సామాన్లు మోసి, పిల్లల్ని బడికి దించి, పెళ్ళిళ్ళకు తిరిగిన బండికి అక్కడ అలాంటి తోబుట్టువు ఉందన్నమాట.

2010 ఏప్రిల్‌లో బీఎస్4 నిబంధన వచ్చాక హైదరాబాద్ సహా 13 నగరాల్లో 800 అమ్మకం ఆగింది. ఆ తర్వాత కొత్తది కొనాలంటే ఆ నగరాల బయటికే రావాల్సి వచ్చింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది కానీ ఈ బండ్ల నంబరు పలకల మీద ఇంకా గుంటూరు గుర్తు ఏపీ 7 ఉంది. చాలావాటికి 15 ఏళ్ళు నిండి, రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్ళకు పొడిగించుకోవాల్సి వచ్చింది. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5 వేల రూపాయలైంది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. అంత కట్టి నిలుపుకుంటున్న బండిని, దించాలని స్ప్రింగులకు రంపం పెట్టి పాడుచేసుకోకూడదు. ఈ కథనం రాయడానికి కారణం అదే.

కన్ను చూసేది వేరు, రోడ్డు చూసేది వేరు

దించిన బండి ఎందుకు అందంగా కనిపిస్తుంది? టైరు పైభాగానికీ మడ్‌గార్డ్ వంపుకూ మధ్య ఉండే ఖాళీ తగ్గుతుంది కాబట్టి. చక్రం ఒంట్లో ఇమిడిపోయినట్టు, బండి నేలను పట్టుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. కంటికి కావలసింది ఆ ఖాళీ తగ్గడమే. రోడ్డుకు మాత్రం ఆ ఖాళీతో పనిలేదు. సైలెన్సర్ పైపు, ఇంజన్ కింది ఆయిల్ సంప్ నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయన్నదే దానికి ముఖ్యం. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే దాదాపు అన్ని పొరపాట్లూ మొదలవుతున్నాయి.

800కు కంపెనీ ఇచ్చిన టైరు 145/70 ఆర్12. టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 12 అంగుళాలు అని దాని అర్థం. లెక్క వేస్తే గోడ 101.5, మొత్తం చక్రం ఎత్తు సుమారు 508 మిల్లీమీటర్లు. చాలామంది దీనికి బదులు పాత ఆల్టో టైరు 145/80 ఆర్12 వేస్తారు. దాని ఎత్తు 537. వ్యాసం 29 పెరిగితే ఇరుసు అందులో సగం, అంటే 14.5 మిల్లీమీటర్లు లేస్తుంది. బండి కిందికి దిగాల్సింది పోయి పైకి పోయింది. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే బండి 63 దాటి పరుగెడుతుంటుంది.

ఇక 13 అంగుళాల రిమ్ము మీద 155/65 ఆర్13. పాత ఆల్టో కె10కి వచ్చిన సైజు కాబట్టి ఏ పట్నంలోనైనా దొరుకుతుంది. చక్రం ఎత్తు 532, అంటే ఇరుసు 12 మిల్లీమీటర్లు లేస్తుంది. టైరు గోడ 100.75. పాతదానికి దాదాపు సమానం కాబట్టి గుంతలో పడ్డప్పుడు రిమ్ముకు ఉండే మెత్త ఏమీ తగ్గదు. వెడల్పు ఒక్క సెంటీమీటరు పెరుగుతుంది. మోసే బరువు చెప్పే అంకె 69 నుంచి 73 అవుతుంది, అంటే ఒక్కో టైరు మోయగలిగేది 325 కిలోల నుంచి 365కి పెరుగుతుంది. పెద్ద చక్రం వేస్తే బండి దిగుతుందని నమ్మేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. పెద్ద చక్రం బండిని దించదు, స్ప్రింగే దించుతుంది. చక్రం చేసేది మడ్‌గార్డ్ కింది ఖాళీని నింపడం.

ఇప్పుడు అసలు లెక్క. నలుగురు ఎక్కితే ఒక 800 మొత్తం 40 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. ప్రతి బండికీ ఇది వేరుగా ఉంటుంది కాబట్టి కొలుచుకోవాలి. హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు టేపు పెట్టి, ఖాళీగా ఒకసారి, మనుషుల్ని ఎక్కించి ఒకసారి చూస్తే చాలు. 170లో 40 పోతే మిగిలింది 130. ఇది కంపెనీ బండి.

దానికి ఖాళీ బండిని 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం దించేలా చుట్టిన, పాతదాని కంటే 25 శాతం గట్టిగా ఉండే స్ప్రింగులు వేసి, 155/65 ఆర్13 చక్రాలు తొడిగారనుకుందాం. స్ప్రింగు 25 దించింది, చక్రం 12 లేపింది. ఖాళీ బండి నికరంగా దిగింది 13 మిల్లీమీటర్లు. స్ప్రింగు గట్టిపడింది కాబట్టి అదే నలుగురు ఎక్కితే 40 బదులు 32 మాత్రమే కుంగుతుంది. 170లోంచి 13, 32 తీసేస్తే 125. నిండు బండి పోగొట్టుకున్నది ఐదంటే ఐదు మిల్లీమీటర్లు. కంటికి కనిపించే ఖాళీ మాటేమిటి? ఒళ్ళు 25 కిందికి వచ్చింది, టైరు 12 పైకి వచ్చింది, వెరసి 37 మిల్లీమీటర్లు. దాదాపు ఒకటిన్నర అంగుళం! కన్ను అడిగింది దక్కింది, రోడ్డు అడిగింది ఇవ్వనక్కర్లేకపోయింది. రెండంగుళాలు, మూడంగుళాలు అని పందెం వేసుకునేవాళ్ళు ఒక్కసారి కూర్చుని ఈ కూడికలు తీసివేతలు చేసుకుంటే ఎన్నో ఆయిల్ సంప్‌లు బతికిపోతాయి.

దిమ్మె లెక్క

స్పీడ్ బ్రేకర్ అన్న ప్రతిదీ ఒకటి కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో తెచ్చిన మార్గదర్శకం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పుతో, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపుగా, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటడానికి వేసిన కొలత అది. 800 ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,175 మిల్లీమీటర్లు. నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉన్నప్పుడు బండి కడుపులోకి పొడుచుకొచ్చే ఎత్తు 35 మిల్లీమీటర్లు మాత్రమే. పైన చెప్పిన దించిన బండికి నిండు బరువుతో కూడా ఇంకా 90 మిల్లీమీటర్లు మిగిలే ఉంటాయి. పద్ధతి ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్‌కు దించిన కారు భయపడాల్సిన పనే లేదు.

కానీ ఊళ్ళలో ఉండేవి అవి కావు. రెండడుగుల వెడల్పున, 120 మిల్లీమీటర్ల ఎత్తున పోసిన సిమెంటు దిమ్మె మీదుగా పోయేటప్పుడు ముందు చక్రాలు అటు దిగిపోయి వెనక చక్రాలు ఇటే ఉంటాయి. ఆ 120 మొత్తం కడుపు కిందే ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన బండి కూడా నలుగురితో 130 మీద ఉంది కాబట్టి ఒక్క సెంటీమీటరు తేడాతో గట్టెక్కుతుంది. దించినదానికి మిగిలేది 5 మిల్లీమీటర్లు. అందులోనూ దిమ్మె దిగగానే స్ప్రింగు ఇంకాస్త నొక్కుకుంటుంది. అంటే తగులుతుంది. అలాంటిచోట ఏటవాలుగా ఒక్కో చక్రాన్ని ఎక్కించి దించాలి, లేదంటే మనుషుల్ని దిగమనాలి. తాను రోజూ తిరిగే దారిలో ఇలాంటి దిమ్మెలు ఎన్ని ఉన్నాయో, ఒక్కోటి ఎంత ఎత్తో స్కేలు పెట్టి కొలిచిన తర్వాతే స్ప్రింగు కొనాలి. ముప్పాళ్ళ నుంచి మాదల, తొండపి, దమ్మాలపాడు వైపు పోయే వాళ్ళకు వాళ్ళ లెక్క వాళ్ళకే వస్తుంది. నరసరావుపేట పోయి వచ్చే వాళ్ళది వేరు.

అంబాసిడర్‌కు ఇదే లెక్క వేస్తే చక్రాల మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు కాబట్టి పద్ధతి గల వంపు మీద కడుపులోకి వచ్చేది 45 అవుతుంది. బండి ఎంత పొడవైతే దించే అవకాశం అంత తగ్గుతుంది. పొట్టిబండికి ఉన్న సుఖం అదే.

రంపం, మంట, అసలు పని

సందుల్లో జరిగే దించుడు రెండు రకాలు. స్ప్రింగు చుట్టు ఒకటి కోసేయడం, లేదా గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి బండి బరువుకే కుంగనివ్వడం. రెండోదాని గురించి రెండో మాట అక్కర్లేదు, అది చెయ్యకూడదు. స్ప్రింగు ఉక్కుకు బలం వచ్చేది కాల్చి, చల్లార్చి, మళ్ళీ కొలత ప్రకారం వేడిచేసిన పదును వల్ల. ఎర్రగా కాలిస్తే ఆ పదును పోతుంది. కాలిన చోట మెత్తబడి రోజురోజుకూ కుంగుతుంది, లేదా ఏదో ఒక గుంతలో విరుగుతుంది. నాలుగు స్ప్రింగులు ఒకే తీరుగా కాలడం అన్నది ఉండదు కాబట్టి బండి ఒక పక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ఒక వైపు లాగుతుంది.

కోతలో కొంత సైన్సు ఉంది, అందుకే అది మోసం చేస్తుంది. కాయిల్ స్ప్రింగు గట్టితనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ఆరు చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలిన ఐదు చుట్ల స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. ఎత్తు తగ్గింది, గట్టిపడింది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ కోసిన కొస, స్ప్రింగు కూర్చునే గిన్నెలో సరిగా ఇమడదు. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. జాకీ పెట్టి లేపినప్పుడు, లేదా వేగంగా కల్వర్టు ఎక్కి బండి గాల్లోకి తేలినప్పుడు షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగుతుంది. పొట్టిదైన స్ప్రింగు ఆ సాగుడికి చాలక వదులై గిన్నెలోంచి పక్కకు జరగవచ్చు. మళ్ళీ కిందపడేటప్పుడు అది ఎక్కడ కూర్చుంటుందో ఎవరికీ తెలియదు. దించడానికని తయారు చేసిన స్ప్రింగు మొత్తం సాగిన స్థితిలో కూడా గిన్నెల మధ్య బిగుతుగా ఉండేలా చుట్టి ఉంటుంది. తేడా అక్కడే.

గట్టి స్ప్రింగుకు పాత షాక్ అబ్జార్బర్ జత కుదరదు. స్ప్రింగు నిలబెడుతుంది, షాక్ అబ్జార్బర్ ఊగుడిని ఆపుతుంది. ఇరవై ఏళ్ళ షాక్‌లో ఆయిల్ కారిపోయి ఉంటే, గట్టి స్ప్రింగు మీద బండి గుంత దాటాక కూడా ఎగురుతూనే ఉంటుంది, టైరు నేలను వదిలేస్తుంది. అందుకని పని మొదలుపెట్టేటప్పుడు ముందు కొనాల్సింది స్ప్రింగు కాదు. లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ రాడ్ కొసలు, స్ట్రట్ పైభాగంలోని మౌంటింగులు, నాలుగు షాక్‌లు. వీటిని కొత్తవి చేసి వారం రోజులు నడిపి చూస్తే చాలామందికి బండి మీద ఉన్న సగం ఫిర్యాదు అక్కడే తీరిపోతుంది. అప్పటికీ దించాలనిపిస్తే అప్పుడు దించొచ్చు. ఈ క్రమం తిరగబడితే పెట్టిన డబ్బంతా వృథా.

ఎక్కువ దించితే బండి మలుపుల్లో ఇంకా బాగా నిలబడుతుందన్నది కూడా పూర్తి నిజం కాదు. 800 ముందుభాగం మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్. ఒంటిని అంగుళం దించితే బరువు మధ్యబిందువు అంగుళమే దిగుతుంది. కానీ లోయర్ ఆర్మ్ కోణం మారిపోయి, ఒళ్ళు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు అంతకంటే వేగంగా కిందికి జారిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే మలుపులో ఒంటిని పక్కకు తోసే బలం పెరుగుతుంది. మెత్తటి స్ప్రింగులతోనే మూడంగుళాలు దించిన బండి కంపెనీ బండి కంటే ఎక్కువ ఒరగొచ్చు. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణం మారుతుంది, స్టీరింగ్ రాడ్లు వంకరగా లాగి గుంత పడ్డప్పుడల్లా చక్రం దానంతటదే తిరగబోతుంది. టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. ఒక అంగుళం దగ్గర ఈ బాధలన్నీ అలైన్‌మెంట్‌తో సర్దుకుంటాయి. అంతకు మించితే ఆర్ములూ రాడ్లూ కూడా మార్చుకుంటూ పోవాలి.

అంబాసిడర్ దగ్గర మాత్రం ఈ కోతల గొడవ సగం లేదు. దాని ముందుభాగంలో కాయిల్ స్ప్రింగులు ఉండవు, మెలితిరిగే టార్షన్ బార్లు ఉంటాయి. కడ్డీ కొసన ఉన్న పళ్ళను ఒకటి రెండు జరిపి బిగిస్తే బండి ముందుభాగం ఎత్తు మారుతుంది. అసలు వయసుతో కుంగిన బండ్లను పైకి లేపడానికి ఉన్న సదుపాయం అది. కిందికీ పనిచేస్తుంది, మళ్ళీ కావాలంటే వెనక్కి తిప్పుకోవచ్చు. వెనక కమాను కట్టలు. లారీలు తిరిగే ప్రతి పట్నంలోనూ కమాన్ల పనివాళ్ళు ఉంటారు, గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో అయితే చెప్పనక్కర్లేదు. పట్టీలు తీసేసి దించడం తేలిక పని, తప్పు పని. పట్టీ తగ్గితే మోసే శక్తి తగ్గుతుంది, పండక్కి బంధువులను ఎక్కించుకున్న రోజున వెనక భాగం ఇరుసు మీద కూర్చుంటుంది. పట్టీల సంఖ్య అలాగే ఉంచి వాటి వంపును తగ్గించి కట్టించడం సరైన పద్ధతి. దీనికి లారీ కమాన్లు చేసిన చేతికి మించిన చెయ్యి లేదు.

రిమ్ము ఎంపిక

అల్లాయ్ వీల్స్ మెరుస్తాయి, తేలికగా ఉంటాయి. ఇరుసు మీది బరువు తగ్గితే గుంతల్లో చక్రం త్వరగా సర్దుకుంటుంది, అది నిజమే. కానీ పల్నాడు లోపలి రోడ్ల మీద తారు విరిగి నల్లమట్టి మొదలయ్యే అంచు ఒకటి ఉంటుంది. ఎదురుగా మిర్చి ట్రాలీ వచ్చినప్పుడు ఎడమ చక్రాలు దిగక తప్పని అంచు. ఆ దెబ్బకు ఇనుప రిమ్ము వంగుతుంది, అల్లాయ్ పగులుతుంది. వంగినదాన్ని మిషన్ మీద సరిచేసి నడపొచ్చు. పగిలినదానికి వెల్డింగ్ పెట్టించి ముందు చక్రంగా తిప్పడం ప్రాణాలతో పందెం. అందుకని 13 అంగుళాల ఇనుప రిమ్ములు, మంచి పెయింట్, నిఖార్సయిన టైర్లు. పాత బండికి, ఈ ఊళ్ళకు ఇదే తగిన ఎంపిక. అల్లాయ్‌ మీదే మనసుంటే ఐఎస్ఐ గుర్తు లేనిది ముట్టుకోకూడదు.

800కు నాలుగు బోల్టులు. ఎదురెదురు బోల్టుల మధ్యల దూరం 114.3 మిల్లీమీటర్లు. పాత హోండా సిటీ, స్విఫ్ట్ రిమ్ములకూ నాలుగు రంధ్రాలే కాబట్టి ఎక్కుతాయనిపిస్తుంది కానీ వాటి దూరం 100. బలవంతంగా రంధ్రం పెద్దది చేసి ఎక్కించిన రిమ్ము ఏ రోజైనా ఊడొచ్చు. మారుతి ఎస్టీమ్‌ది 114.3. దాని 13 అంగుళాల రిమ్ములు పాత సామాన్ల దుకాణాల్లో వెతికితే దొరుకుతాయి. బోల్టులు కలిసినంత మాత్రాన పని అయిపోలేదు. రిమ్ము మధ్య రంధ్రం హబ్ మీద బిగుతుగా కూర్చోవాలి. రిమ్ము లోపలికి ఎంత ఉంది, బయటికి ఎంత ఉంది అన్నది పాత చక్రంతో పోల్చి కొలవాలి. బయటికి పొడుచుకొస్తే మడ్‌గార్డ్‌ను రాస్తుంది, బేరింగ్ మీద లివర్ బరువు పడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఈ తేడాను పూడ్చడానికి స్పేసర్ పలకలు పెట్టడం పాత బండి బోల్టులకు మంచిది కాదు.

టైరు కొనేటప్పుడు గోడ మీద చిన్న గుండ్రటి పెట్టెలో నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఈ జిల్లాలోనే ఉన్న రెంటచింతల ప్రతి ఎండాకాలంలోనూ వార్తల్లో ఉంటుంది. ఆ ఎండకు నిలబెట్టిన బండి రబ్బరు పగుళ్ళిస్తుంది, గాలి ఒత్తిడి కూడా మారుతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం నడిపి వచ్చి గాలి చూసుకుని, ఎక్కువుందని తీసేస్తే తెల్లారేసరికి టైరు మెత్తబడి ఉంటుంది. దించిన బండికి మెత్త టైరంటే కొంత ఎత్తు ఊరికే పోగొట్టుకోవడం. ఉదయాన్నే, బండి కదలకముందే చూసుకోవాలి.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండికి కంపెనీ చెప్పిన వివరాలు మారేలా యజమాని మార్పులు చేయకూడదంటుంది. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అరిగిపోయిన స్ప్రింగునూ షాక్‌నూ అదే కొలతలతో కొత్తవి వేసుకోవడం మరమ్మతు. ఎత్తు తగ్గించడం, టైరు సైజు మార్చడం మార్పు కిందికి వచ్చే అవకాశం ఉంది. కాబట్టి పైన వేసిన లెక్క ఎంత ముచ్చటగా ఉన్నా, పనికి ముందు నరసరావుపేటలోని రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేయాలి. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున పరిహారానికి అడ్డు పడుతుంది. పదిహేనేళ్ళు దాటిన బండి ఎలాగూ రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్ళాల్సిందే. ఒప్పుకోరని తేలితే 12 అంగుళాల చక్రాలు, కంపెనీ కొలతల స్ప్రింగులు, కొత్త బుష్షులు, కొత్త షాక్‌లతో ఆగిపోవడమే సరి. ఆ మాత్రం చేసిన 800 కూడా ఎంత నిక్కచ్చిగా నడుస్తుందో నడిపినవాళ్ళకు తెలుస్తుంది.

బండిని దించేవాళ్ళకూ చట్టానికీ పేచీ మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1958లో ఒక నియమం తెచ్చారు. కారులో ఏ భాగమూ రిమ్ము అడుగు అంచు కంటే కిందికి ఉండకూడదని. మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళు ఇష్టంగా దించుకునే కార్లు దానికి చిక్కాయి. శాన్ బెర్నార్డినోకు చెందిన రాన్ అగీరే 1959లో తన కార్వెట్ కారుకు హైడ్రాలిక్ పంపులు బిగించాడు. మీట నొక్కితే కారు లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. పోలీసు కనిపిస్తే పైకి, లేకుంటే కిందికి. ఆ నియమాన్ని చివరికి 2024 జనవరి 1 నుంచి తొలగించారు. ఆ 65 ఏళ్ళకు పైగా కాలంలో ఆ కార్లు అక్కడి మెక్సికన్ అమెరికన్ల బతుకులో, పాటల్లో, పండగల్లో భాగమైపోయాయి. మన దగ్గర చట్టం ఇంకా పట్టు విడవలేదు. ఎంతవరకు దించితే క్షేమమో, ఏ స్ప్రింగుకు ప్రభుత్వ పరీక్ష జరగాలో తేల్చి చెప్పి, పరీక్షించిన సామాన్లకు దారి తెరిస్తే సందుల్లో రంపాలూ గ్యాస్ మంటలూ తగ్గుతాయి. పాత బండ్లను ప్రేమగా నిలుపుకునేవాళ్ళు అడగాల్సిన న్యాయమైన కోరిక ఇది.

పని అయ్యాక

అనుమతి వచ్చి, పని పూర్తయిన రోజున అలైన్‌మెంట్ చేయించి ఊరుకోకూడదు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కొద్దిగా కుదురుకుంటాయి. అప్పుడు మళ్ళీ చేయించాలి. చక్రం నట్లు తొలి వంద కిలోమీటర్లలోపే ఒకసారి బిగించి చూడాలి. హెడ్‌లైట్లు కూడా గోడ మీద వేసి సరిచేసుకోవాలి. బండి వెనక భాగం ముందుకంటే ఎక్కువ దిగితే వెలుగు పైకి లేచి, చీకట్లో ఎదురొచ్చే ట్రాక్టర్ డ్రైవరు కళ్ళలో పడుతుంది.

మిగిలింది రాపిడి పరీక్ష. మడ్‌గార్డ్ లోపలి అంచు పొడవునా సుద్దముక్కతో మందంగా గీత గీసి, నలుగురిని ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. తర్వాత ముప్పాళ్ళ నుంచి కాలువ కల్వర్టుల మీదుగా ఒక చుట్టు మెల్లగా నడిపి రావాలి. సుద్ద చెరిగిన చోట టైరు తగిలినట్టు. వెనకవైపు చెరిగితే స్ప్రింగు కింద మందపాటి రబ్బరు పలక ఒకటి వేసి ఐదారు మిల్లీమీటర్లు లేపితే సరిపోతుంది. ముందువైపు, స్టీరింగ్ తిప్పినప్పుడు చెరిగితే రిమ్ము బయటికి ఎక్కువ వచ్చిందని అర్థం. అప్పుడు మడ్‌గార్డ్ అంచును సుత్తితో కొట్టి వంచడం కంటే ఆ రిమ్ములు తిరిగి ఇచ్చేసి సరైన కొలతవి తెచ్చుకోవాలి.